మింగే కణాలు, మింగుడుపడని పురుగు

ఆదివారం గుణదల కొండ ఎక్కివచ్చిన మా తొమ్మిదో తరగతి పిల్లల్లో ఒకడి అరికాల్లో ముల్లు విరిగింది. రెండోరోజుకు వాచింది, మూడోరోజుకు చీము పట్టింది. "చీమంటే చెడ్డరక్తమేనా మాస్టారూ?" అని అడిగాడు. కాదు. అందులో ఎక్కువభాగం సూక్ష్మజీవులతో పోరాడి చనిపోయిన తెల్లకణాలే.

ముల్లుతోపాటు సూక్ష్మజీవులు లోపలికి పోతాయి. అక్కడ వెలువడే రసాయనాల జాడ పట్టుకొని న్యూట్రోఫిల్ అనే తెల్లకణాలు రక్తనాళపు గోడ సందుల్లోంచి దూరి వస్తాయి. మీరు చదివిన అమీబా మాదిరే మిథ్యాపాదాలు చాచి సూక్ష్మజీవిని చుట్టి మింగేస్తాయి. మింగినది కణంలో ఒక సంచిలో పడుతుంది. అందులోకి ఎంజైములు దిగుతాయి, హైడ్రోజన్ పెరాక్సైడు తయారవుతుంది, దాని నుంచి హైపోక్లోరస్ ఆమ్లం పుడుతుంది. 2024లో బుడమేరు వరద వచ్చింది కదా! అలాంటప్పుడు వీధుల్లో చల్లే బ్లీచింగు పౌడరు నీటిలో కలిస్తే పుట్టేదీ ఈ ఆమ్లమే. దాన్ని తయారుచేసే ఎంజైముది ఆకుపచ్చ రంగు. చీములో ఒక్కోసారి కనిపించే పచ్చని ఛాయ దానిదే.

ఈ కణాలు మన రక్షకభటులని గ్రహించిన మెచ్నికాఫ్ కూడా ముల్లుతోనే మొదలుపెట్టాడు. 1882లో మెస్సీనాలో, గాజులా కనిపించే నక్షత్రచేప పిల్లల్లో గులాబీ ముళ్లు గుచ్చాడు. మర్నాటికి వాటిచుట్టూ కణాలు మూగి ఉన్నాయి!

"మరి మా నాయనమ్మకు బోదకాలు ఎందుకొచ్చింది? ఆ పురుగును ఎందుకు మింగలేదు?" అన్నాడు వాడు.

మంచి ప్రశ్న. రక్తంలో తిరిగే ఫైలేరియా పురుగు పిల్ల పొడవు సుమారు పావు మిల్లీమీటరు. న్యూట్రోఫిల్‌కు దాదాపు ఇరవై రెట్లు! ఒక్క కణం నోటికి పట్టేది కాదు.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వంలో, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల 1947లో దీనికి డైఇథైల్ కార్బమజైన్ అనే మందు తెచ్చింది. చిత్రమేమిటంటే, మామూలు మోతాదులో ఈ మందు గాజుగొట్టంలోని పురుగు పిల్లలను చంపదు. శరీరంలో మాత్రం అవి త్వరలోనే రక్తంలోంచి మాయమవుతాయి. ఎక్కడికి? 1950లో ఎలుకలపై చేసిన పరిశోధనలో అవి కాలేయంలో చిక్కి కనిపించాయి. ఒక్కొక్కదాన్ని భక్షక కణాలు గుంపుగా చుట్టుముట్టాయి. మందు పట్టి ఇస్తుంది, చంపేది మన కణాలే.

ఆ మాత్రలు పంచిన ఏడు మా వీధిలో ఒకాయనకు రాత్రి జ్వరం వచ్చింది. మందు పడలేదని ఇంటిల్లిపాదీ తమ మాత్రలు పారేశారు. అలాంటి జ్వరం ఎక్కువగా వచ్చేది రక్తంలో పురుగు పిల్లలున్నవారికే. అవి చస్తున్నప్పుడు వచ్చే జ్వరమది.