ఫోనులో దారి

ప్రత్తిపాడు గుంటూరు జిల్లాలో ఉంది. అక్కడ పత్తి, మిరప బాగా పండుతాయి. ఆ ఏడు మిరపకోతలు అయిపోయాయి. కాయలు గుంటూరు యార్డుకు తోలారు. ఒక ఇంట్లో భార్యాభర్తలు శ్రీశైలం వెళ్లి రావాలని అనుకున్నారు. బస్సులో కాదు. మోటారు సైకిలు మీద.

"రెండు వందల కిలోమీటర్ల పైన ఉంటుంది. దారి ఎట్లా తెలుస్తుంది?" అంది భార్య.

"ఫోను చెబుతుందిలే" అన్నాడు భర్త.

ఫోనులో గూగుల్ మ్యాప్స్ ఉంటుంది. అది దారులు చూపే పటం. పైన గడిలో వెళ్లే ఊరి పేరు రాయాలి. తెలుగులో రాసినా సరే. తర్వాత మోటారు సైకిలు బొమ్మను నొక్కాలి. ఈ బొమ్మ మన దేశంలో 2017 డిసెంబరులో వచ్చింది. 2018 నుంచి ఆ ఫోను తెలుగులో మాట్లాడి కూడా దారి చెబుతోంది.

భర్త ఊరి పేరు రాశాడు. ఫోను రెండు దారులు చూపింది. ఒక దారి తొమ్మిది నిమిషాలు తక్కువ.

"ఇట్లా పోదాం" అన్నాడు.

భార్య ఈమధ్యే చదువు నేర్చుకుంది. ఫోను చేతిలోకి తీసుకుంది. రెండు వేళ్లతో పటాన్ని పెద్దది చేసింది. ఊళ్ల పేర్లు కూడబలుక్కుని చదివింది.

"ఏమయ్యా, ఇది డొంక. మేం మిరపకోతకు పోయిన డొంకే ఇది. మొన్నటి వానకు ఇక్కడ ట్రాక్టరే దిగబడింది."

భర్త నమ్మలేదు. ఆ ఊళ్లో ఉన్న బావమరిదికి ఫోను చేశాడు. "నల్లరేగడి బావా! బండి కదలదు. తారురోడ్డున పోండి" అన్నాడు అతను.

పటం తప్పు చెప్పలేదు. డొంక ఉన్నమాట నిజమే. దానిలో బురద ఎంత ఉందో పటానికి తెలియదు.

ఆమె తారురోడ్డు దారిలో వచ్చే ఊళ్లను కాగితం మీద రాసుకుంది. నరసరావుపేట, వినుకొండ, త్రిపురాంతకం, దోర్నాల, శ్రీశైలం. ఫోనులో చార్జింగు అయిపోతే ఈ కాగితమే దిక్కు. రోడ్డు పక్క కిలోమీటరు రాళ్ల మీద ఈ పేర్లు చూసుకుంటూ పోవచ్చు.

దోర్నాల దాటితే నల్లమల అడవి. అక్కడ చాలాచోట్ల సిగ్నలు ఉండదు. అందుకని పటాన్ని ఇంటి దగ్గరే ఫోనులోకి దింపుకోవాలి. మనం ఎక్కడ ఉన్నామో ఫోను ఆకాశంలోని ఉపగ్రహాల వల్ల తెలుసుకుంటుంది. దానికి సిగ్నలు అక్కర్లేదు. పటం దింపుకుని ఉంటే అడవిలోనూ దారి కనిపిస్తుంది.

"రాత్రికి తిరిగి వచ్చేద్దాం. ఒక రోజు కూలి మిగులుతుంది" అన్నాడు భర్త.

ఆమె లెక్క వేసింది. ఫోను ఆరు గంటల ప్రయాణం అని చూపింది. అది ఆగకుండా పోతేనే. నడుం నొప్పికి, టీకి, అన్నానికి ఇంకో రెండు గంటలు. తెల్లవారి 5 గంటలకు బయలుదేరితే మధ్యాహ్నం 1 గంటకు చేరతారు. దర్శనం ఎప్పుడు అవుతుందో చెప్పలేం. పులులు తిరిగే ఆ అడవి దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు బండ్లను పోనివ్వరు. ఆ లోపు గేటు దాటినా, ఇంటికి చేరేసరికి అర్ధరాత్రి. నిద్రమత్తులో బండి నడపాలి.

"కూలి పోతే పోయింది. రాత్రికి అక్కడే ఉందాం" అంది. భర్త ఒప్పుకున్నాడు.

రానుపోను 450 కిలోమీటర్ల దాకా ఉంది. వాళ్ల బండి లీటరుకు 50 కిలోమీటర్లు వస్తుంది. అంటే 9 లీటర్ల పెట్రోలు. అడవిలోకి పోయేముందు దోర్నాలలో మళ్లీ పోయించుకోవాలని కాగితం మీదే రాసింది.

హెల్మెట్లు రెండు తీసుకున్నారు. వెనుక కూర్చునేవారికీ హెల్మెట్ ఉండాలని చట్టం. చీర కొంగు చక్రంలో పడకుండా నడుముకు గట్టిగా దోపుకోవాలి. బండి నడిపేవారు ఫోను చూడరాదు. వెనుక కూర్చున్నవారే చూసి చెప్పాలి.

"అయితే ఫోను నీ దగ్గరే ఉంచుకో" అన్నాడు భర్త.

రాయండి: మీ ఊరి నుంచి మీ పుట్టింటికి పోయే దారిలో ఏయే ఊళ్లు వస్తాయి? వరుసగా రాయండి. వానాకాలంలో ఏ దారి పనికిరాదు?