కొత్త కెమెరా కంటే ముందు పాత ఫొటోలు

జేబులో పట్టే కెమెరా పాడైతే అలాంటిదే మరొకటి దొరకడం ఇప్పుడు తేలిక కాదు. 2010లో ప్రపంచమంతటా 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు మార్కెట్‌కు వెళ్లాయి, వాటిలో చాలా వరకు ఈ చిన్నవే. 2024 నాటికి చిన్న కెమెరాల సంఖ్య 20 లక్షల లోపుకు పడిపోయింది. ఫోన్ వాటి చోటు తీసేసుకుంది. మిగిలిన కొద్ది మోడళ్ల ధరలు భయపెడతాయి. బయ్యారం లాంటి ఊళ్లో ఉండేవారు ఒకసారి చేత్తో పట్టుకుని చూద్దామన్నా ఖమ్మమో, వరంగల్లో, చివరికి హైదరాబాదో వెళ్లాల్సిందే.

అందుకని రాత్రిళ్లు కూర్చుని వీడియోలు చూస్తారు. పది మోడళ్లు పోల్చి, పదకొండోది చూసి మళ్లీ మొదటికొస్తారు. కెమెరా గురించి ఎంతో తెలుస్తుంది, తమకేం కావాలో మాత్రం తేలదు. ఆ జవాబు ఏ దుకాణంలోనూ దొరకదు. మీ పాత మెమొరీ కార్డులో ఉంది.

ఆ కార్డు తెరవండి. ఎవరో మెచ్చుకున్నవి కాకుండా, మీరు మళ్లీ మళ్లీ చూసుకునే ఫొటోలు పక్కన పెట్టండి. ఏ వెలుతురులో తీశారు? ఎంత దూరం నుంచి? ఎంత జూమ్ చేశారో, ఎంత ఐఎస్ఓ (వెలుతురును పట్టే శక్తి) పెట్టారో ఆ ఫైలే చెబుతుంది.

బతుకమ్మ రాత్రులే ఎక్కువగా కనబడితే మీకు తక్కువ వెలుతురును తట్టుకునే సెన్సర్ కావాలి. మామూలు చిన్న కెమెరా సెన్సర్ వైశాల్యం సుమారు 28 చదరపు మిల్లీమీటర్లు. ఒక అంగుళం రకమని పిలిచేది 116. అంటే నాలుగింతలు. 2012లో వచ్చిన సోనీ ఆర్ఎక్స్100, ఆ తర్వాతి కెనాన్ జీ7ఎక్స్ వరస ఈ రకమే. చెరువు అవతలి ఒడ్డున వాలిన కొంగలే మీ ఇష్టమైతే ఈ లెక్క తిరగబడుతుంది. చిన్న సెన్సరైనా పొడుగు జూమ్ ఉన్నదే మీకు పనికొస్తుంది.

మనుషుల ముఖాలే ఎక్కువగా ఉంటే రికో జీఆర్3 లాంటిది చాలు. 2019లో వచ్చింది. బ్యాటరీతో కలిపి 257 గ్రాములు, 24 మెగాపిక్సెళ్లు, పెద్ద సెన్సర్. జూమ్ ఉండదు. దూరం నుంచి ఎవరికీ తెలియకుండా తీసే వీలు లేదు. తండాలోనో గూడెంలోనో ఒక ముఖం నచ్చితే దగ్గరికి నడవాలి, "అక్కా, ఒక్క ఫొటో తియ్యనా?" అని అడగాలి. వద్దంటే నవ్వి ఊరుకోవాలి. కొత్తవాళ్లతో మాట కలపడానికి జంకే యువతకు ఇంతకంటే మంచి సాధన నాకు తెలియదు.

ఒక జాగ్రత్త. బయటికి సాగే లెన్సు దుమ్మును లోపలికి లాక్కుంటుంది. మిర్చి కల్లాల్లో, జాతర దారుల్లో పని కాగానే జిప్ కవర్లో పెట్టేయండి. పాతది కొంటుంటే లెన్సు రంధ్రాన్ని బాగా చిన్నది చేసి ఆకాశాన్ని ఒక ఫొటో తీసి చూడండి. లోపల దుమ్ముంటే నల్ల చుక్కలుగా బయటపడుతుంది.

ఇక నిర్ణయం. 1978లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న హెర్బర్ట్ సైమన్ ఒక సంగతి వివరించారు. అన్నిటికన్నా ఉత్తమమైనది తేల్చడానికి మన దగ్గర సమయమూ ఉండదు, సమాచారమూ ఉండదు. అందుకే అవసరానికి సరిపడేది దొరకగానే ఆగడం తెలివైన పద్ధతి. మూడు షరతులు, ఒక ధర కాగితం మీద రాసుకోండి. వాటికి సరిపోయిన మొదటి కెమెరా కొనేయండి. ఆ రోజుతో పోలికలు చూడటం మానేయండి. పెళ్లి సంబంధాల్లో, ఉద్యోగాల్లో కూడా మనల్ని అలసిపోయేలా చేసేది ఈ ఆగలేకపోవడమే.

కెమెరా వచ్చాక అసలు పని మొదలవుతుంది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త లిండా హెంకెల్ 2014లో ప్రచురించిన అధ్యయనంలో, మ్యూజియంకు వెళ్లినవారికి, తాము ఫొటో తీసిన వస్తువులు ఊరికే చూసిన వాటికంటే తక్కువగా గుర్తున్నాయి. ఒక భాగాన్ని ఎంచుకుని దగ్గరగా తీసినప్పుడు మాత్రం జ్ఞాపకం తగ్గలేదు. ఎంచుకోవాలంటే చూడాలి కదా!

కాకతీయ రాజు గణపతిదేవుని సోదరి మైలాంబ తవ్వించిన బయ్యారం చెరువునే తీసుకోండి. కాకతీయుల తొలి తరాల పేర్లు చెప్పే శాసనాల్లో ఆ చెరువు శాసనం ఒకటి. అరిగిన శాసనాన్ని మిట్టమధ్యాహ్నం ఎంత ఖరీదైన కెమెరాతో తీసినా అక్షరాలు సరిగా పడవు. పొద్దున్నే ఎండ పక్క నుంచి వాలుగా పడే వేళ వెళితే ఒక్కో గీత నీడతో పైకి తేలుతుంది. ఆ వేళకు అక్కడుండటం మీ చేతిలో పని, దానికి పైసా ఖర్చు లేదు.

ఒక్క మాట అడుగుతాను. కొత్త కెమెరాతో మీరు తీసిన మనుషుల ఫొటోల్లో మంచివి కొన్ని ప్రింటు వేయించి, వాళ్ల ఇంటికి వెళ్లి వాళ్ల చేతికే ఇవ్వండి.