రాక్షసి బొగ్గు వెళ్ళిపోయిన దేశం
(పెద్ద తరగతుల పిల్లలకు పాఠం. అమ్మానాన్నలు పక్కన కూర్చుని చదివిస్తే మరీ మంచిది.)

పిల్లలూ, ముందుగా ఒక మాట నేర్చుకుందాం. తెలుగులో బొగ్గు రెండు రకాలు. కట్టెను కాల్చి ఆర్పితే మిగిలేది కట్టెబొగ్గు. ఊళ్ళో ఇస్త్రీ బండి అతను పెట్టెలో వేసుకునేది అదే. భూమిలోంచి తవ్వి తీసేది రాక్షసి బొగ్గు. తెలంగాణలో కొత్తగూడెం, రామగుండం వైపు సింగరేణి గనుల్లో దొరికేది ఈ రాక్షసి బొగ్గే. ఎంత బాగా కుదిరిన పేరో ఈ పాఠం చదివాక మీకే తెలుస్తుంది.

మనం ఉంటున్న ఈ బ్రిటన్‌కీ రాక్షసి బొగ్గుకీ చాలా పాత స్నేహం. 1882లో లండన్‌లోని హోల్బర్న్ వయాడక్ట్ దగ్గర ఎడిసన్ కంపెనీ వారు బొగ్గుతో నడిచే కరెంటు కేంద్రం పెట్టారు. ప్రజలకు కరెంటు అమ్మడానికి పెట్టిన బొగ్గు కేంద్రాల్లో ప్రపంచంలో మొదటిది అదేనని చెబుతారు. 2024 సెప్టెంబరు 30న నాటింగ్‌హామ్ దగ్గరి రాట్‌క్లిఫ్ ఆన్ సోర్ కేంద్రం మూతపడింది. ఈ దేశంలో ఆఖరి బొగ్గు కరెంటు కేంద్రం అది. లెక్క వేయండి, మధ్యలో 142 ఏళ్ళు.

ఎమ్ వన్ రోడ్డు మీద లెస్టర్ దాటి పైకి వెళ్ళినవాళ్ళు రాట్‌క్లిఫ్‌లోని ఎనిమిది పెద్ద కూలింగ్ టవర్లను చూసే ఉంటారు. వాటిలోంచి పైకి లేచేది పొగ అని చాలామంది అనుకునేవారు. అది ఉత్త నీటి ఆవిరి. అసలు పొగ పక్కనున్న పొడవాటి గొట్టంలోంచి వెళ్ళేది. అది కంటికి పెద్దగా కనిపించేది కాదు. మన పాఠం ఆ కనిపించని దాని గురించే.

బొగ్గులో ఎక్కువ భాగం కార్బన్. మండేటప్పుడు ఒక్కొక్క కార్బన్ పరమాణువు గాలిలోని రెండు ఆక్సిజన్ పరమాణువులను కలుపుకుంటుంది. కార్బన్ బరువు 12 అనుకుంటే, ఆ రెండు ఆక్సిజన్ల బరువు 32. మొత్తం 44. అంటే 12 కిలోల కార్బన్ కాలిస్తే 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. పాత తెలుగు సైన్సు పుస్తకాల్లో దీన్ని బొగ్గుపులుసు వాయువు అనేవారు. కావాలంటే తాతగారిని అడిగి చూడండి. కాల్చిన వస్తువు కంటే వచ్చిన వాయువు బరువెక్కువా అని ఆశ్చర్యపోకండి, ఆ అదనపు బరువంతా గాలిదే. ఈ వాయువు భూమి వేడిని బయటికి పోనివ్వకుండా దుప్పటిలా పట్టి ఉంచుతుంది.

బొగ్గుతో 1000 యూనిట్ల కరెంటు తయారు చేస్తే సుమారు 900 కిలోల బొగ్గుపులుసు వాయువు వస్తుంది. సహజవాయువుతో చేస్తే అందులో సగం కూడా రాదు, సుమారు 400 కిలోలు. (ఇండియాలో యూనిట్ అనేదాన్నే ఇక్కడి బిల్లులో కిలోవాట్ అవర్ అంటారు.) గాలిమర తిరిగేటప్పుడు ఏమీ రాదు.

మరి ఇన్నేళ్ళూ బొగ్గు ఎందుకు కాల్చారు? చవక కాబట్టి. చవక ఎందుకయింది? గనికి డబ్బు కట్టాలి, రైలుకు కట్టాలి, పనివాళ్ళకు జీతాలివ్వాలి. కానీ గొట్టంలోంచి ఆకాశంలోకి వదిలినదానికి ఎవరికీ పైసా కట్టనక్కర్లేదు. ఆ నష్టం ఎక్కడో ఉన్నవాళ్ళకీ, ఇంకా పుట్టనివాళ్ళకీ వెళ్ళిపోతుంది. దీనికి ఒక ధర పెట్టాలన్నదే కార్బన్ ధర అనే ఆలోచన.

ధర పెట్టడానికి రెండు దారులున్నాయి. మన పల్లెల్లోని చెరువును తలచుకుంటే రెండూ సులువుగా అర్థమవుతాయి. ఒక దారి నీటి తీరువా లాంటిది. ఎకరానికి ఇంత అని సర్కారు చెబుతుంది, వాడుకున్నవాడు కడతాడు. రెండో దారి వంతుల పద్ధతి. చెరువులో నీళ్ళు ఇన్నే అని ముందే తేల్చి, ఆ నీటిని వంతులుగా పంచుతారు. వరి వేసినవాడికి ఎక్కువ నీళ్ళు కావాలి. జొన్న వేసినవాడికి కొంత మిగులుతుంది, ఆ మిగిలిన వంతును వరి రైతుకు అమ్ముకోవచ్చు. ఏటేటా మొత్తం వంతులను తగ్గిస్తూ పోతే వంతు ధర పెరుగుతుంది, జొన్న వైపు మళ్ళేవాళ్ళు పెరుగుతారు.

ఐరోపా సమాఖ్య రెండో దారి పట్టింది. 2005 జనవరి 1 నుంచి కరెంటు కేంద్రాలకు, ఉక్కు, సిమెంటు వంటి పెద్ద కార్ఖానాలకు ఈ వంతుల పద్ధతి పెట్టింది. ఒక టన్ను వాయువు వదలాలంటే ఒక పర్మిట్ ఉండాలి. కాగితం మీద చక్కగా ఉంది కానీ మొదటి మూడేళ్ళూ నవ్వులపాలయింది. పర్మిట్లను దాదాపుగా ఉచితంగా పంచారు, అదీ అవసరానికి మించి పంచారు. చెరువు నిండా నీళ్ళుంటే వంతు ఎవడు కొంటాడు? 2007 నాటికి పర్మిట్ ధర సున్నా దగ్గరికి దిగిపోయింది. ఇంకో చిత్రం కూడా జరిగింది. ఉచితంగా వచ్చిన పర్మిట్ల ధరను కూడా కరెంటు కంపెనీలు జనం బిల్లుల్లో కలిపి లాభం చేసుకున్నాయి. ఆ తర్వాత 2008 ఆర్థిక మాంద్యంలో ఫ్యాక్టరీలు మందగించి పర్మిట్లు మళ్ళీ మిగిలాయి. 2013లో ఒక దశలో టన్ను ధర 3 యూరోల కంటే కిందికి పోయింది.

బ్రిటన్ అప్పుడు ఈ పద్ధతిలోనే ఉంది. ఇంత తక్కువ ధరకు ఎవరూ బొగ్గు మానరని గ్రహించి, 2013 ఏప్రిల్ నుంచి కరెంటు కేంద్రాల మీద సొంతంగా ఇంకో పన్ను వేసింది. అంటే వంతుకు తోడు తీరువా కూడా అన్నమాట. మొదట టన్నుకు 5 పౌండ్లలోపే ఉండేది, 2015 ఏప్రిల్‌కల్లా 18 పౌండ్లయింది.

ఇప్పుడు పలక తీసుకోండి. 2016లో ఈ 18 పౌండ్లకు ఐరోపా పర్మిట్ ధర సుమారు 4 పౌండ్లు కలిపితే 22. బొగ్గు కేంద్రం 1000 యూనిట్లకు 0.9 టన్ను వదులుతుంది కాబట్టి దాని మీద పడేది సుమారు 20 పౌండ్లు. గ్యాస్ కేంద్రం మీద పడేది 9 లోపు. తేడా 11 పౌండ్లు. ఆ రోజుల్లో 1000 యూనిట్ల టోకు ధర 40 పౌండ్ల ప్రాంతంలో ఉండేది, అందులో 11 అంటే చిన్న తేడా కాదు. 2012లో దేశంలోని కరెంటులో నూటికి 40 వంతులు బొగ్గు నుంచి వచ్చేవి. 2015లో అది 22కు దిగింది. 2016లో 9. 2017 ఏప్రిల్ 21న బ్రిటన్ ఒక రోజంతా బొగ్గు కరెంటు లేకుండా గడిపింది. హోల్బర్న్ కేంద్రం మొదలయ్యాక అలాంటి రోజు అదే మొదటిది.

అంతా ఈ పన్ను గొప్పే అని మాత్రం రాయకండి, మార్కులు పోతాయి. గంధకం పొగ మీద ఐరోపా పెట్టిన నిబంధనల వల్ల పాత కేంద్రాలు కొన్ని అప్పటికే మూతపడ్డాయి. ఆ ఏళ్ళలో గ్యాస్ కూడా చవకయింది. పన్ను సరిగ్గా అదనులో పడిందనాలి.

బొగ్గు స్థానంలోకి మొదట గ్యాస్ వచ్చింది, వెనకే గాలి వచ్చింది. సముద్రంలో గాలిమరలు పాతడం 1991లో డెన్మార్క్‌లోని విండెబీలో పదకొండు మరలతో మొదలయింది. 2022లో యార్క్‌షైర్ తీరానికి సుమారు 89 కిలోమీటర్ల దూరాన పనిలోకి వచ్చిన హార్న్‌సీ 2లో 165 మరలున్నాయి. ఒక్కొక్క రెక్క పొడవు 81 మీటర్లు. వేల కోట్లు ఖర్చయ్యే ఇలాంటి పనికి ధైర్యం చెప్పడానికి సర్కారు ఒక ఒప్పందం చేసుకుంటుంది. మీ కరెంటుకు ఇంత ధర ఖాయం అంటుంది. బజారు ధర అంతకంటే తగ్గితే తేడాను జనం బిల్లుల్లోంచి ఇస్తారు, పెరిగితే కంపెనీయే వెనక్కి కట్టాలి. ఎవరు తక్కువ ధరకు ఒప్పుకుంటే వారికే పని, అంటే వేలం పాట తలకిందులుగా అన్నమాట. సముద్రపు గాలి కరెంటుకు 2015 వేలంలో 1000 యూనిట్లకు 114 పౌండ్లకు పైగా పలికింది. 2017లో 57 పౌండ్ల 50 పెన్నీలకు, 2022లో 37 పౌండ్ల 35 పెన్నీలకు వచ్చింది. (ఇవన్నీ 2012 నాటి ధరల లెక్కలో.) దాంతో సర్కారుకు ఆశ ఎక్కువయింది. 2023లో మరీ తక్కువ ధర దాటకూడదని హద్దు పెట్టేసరికి సముద్రపు గాలిమరలకు ఒక్క కంపెనీ కూడా పాట పాడలేదు. ఉక్కు, వడ్డీలు ప్రియమైన సంవత్సరం అది. 2024లో హద్దు పెంచాక మళ్ళీ వచ్చారు.

ఇక అమ్మానాన్నలు అడిగే ప్రశ్న. గాలికి ధర లేదు కదా, మన బిల్లు ఎందుకు తగ్గదు? టోకు బజారులో ప్రతి అరగంటకూ చవకైన కేంద్రాల నుంచి మొదలుపెట్టి, అవసరం తీరేదాకా వరసగా పిలుస్తారు. ఆఖరున పిలిచిన కేంద్రం ధరే అందరికీ ధర. సంతలో ఆఖరి బుట్ట వంకాయలు ఏ ధరకు పోయాయో ముందు బుట్టలవాళ్ళకూ అదే ముట్టినట్టు. ఇక్కడ చాలా గంటల్లో ఆ ఆఖరి బుట్ట గ్యాస్‌దే. 2022లో రష్యా ఉక్రెయిన్ మీద దాడి చేశాక గ్యాస్ ధర ఎక్కడికో పోయింది. మామూలు ఇంటి ఏడాది బిల్లుకు ఆఫ్‌జెమ్ పెట్టే హద్దు 2021 అక్టోబరులో 1,277 పౌండ్లు, 2022 అక్టోబరుకు 3,549 పౌండ్లు. సర్కారు కలగజేసుకుని 2,500 దగ్గర ఆపింది. ఆ చలికాలం ఒకే గదిలో హీటర్ పెట్టుకుని అందరూ అక్కడే పడుకున్న ఇళ్ళు మన వాళ్ళలోనూ ఉన్నాయి. ముందుగా డబ్బు వేసుకునే మీటర్ల ఇళ్ళలో కష్టం ఇంకా ఎక్కువ. కార్బన్ ధరను సమర్థించేవారు ఈ ఇళ్ళను మరిచిపోతే ఆ విధానం నిలబడదని నా అభిప్రాయం. అయితే ఆ ఏడు బిల్లు పేలడానికి ముఖ్య కారణం గ్యాస్, కార్బన్ పన్ను కాదు.

గాలి లేని సాయంత్రం సంగతేమిటి? వేల్స్‌లోని డినోర్విగ్‌లో కొండ లోపల ఒక కేంద్రం ఉంది, 1984 నుంచి పనిచేస్తోంది. కరెంటు ఎక్కువగా ఉన్న వేళ కింది చెరువు నీటిని పైచెరువుకు తోడతారు. కావలసినప్పుడు కిందికి వదిలి మరలు తిప్పుతారు. ఫుట్‌బాల్ మ్యాచ్ మధ్య విరామంలో దేశమంతా ఒక్కసారి కెటిల్ పెట్టినా కొన్ని సెకన్లలో అందుకుంటుంది. ఇదేదో విదేశీ వింత అనుకోకండి, మన శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలోనూ, నాగార్జునసాగర్‌లోనూ ఇలా రెండు వైపులా తిరిగే మరలున్నాయి. అయినా ఈ దేశానికి ఇవి చాలవు. స్కాట్లండ్‌లో గాలి బాగా వీచే రోజున, దక్షిణానికి మోసుకొచ్చే తీగలు చాలక గాలిమరలను ఆపేయమని డబ్బు ఇస్తున్నారు కూడా. అదీ మన బిల్లులోంచే.

చివరగా ఇండియాకు సంబంధించిన ముడి. ఐరోపా పర్మిట్ ధర 2023 ఫిబ్రవరిలో 100 యూరోలు దాటింది. అంతకు ముందు నుంచే అక్కడి ఉక్కు కంపెనీలు, మేం కడుతుంటే బయటివాళ్ళు కట్టకుండా అమ్ముకోవడమేమిటని అడిగాయి. అందుకని ఐరోపా సమాఖ్య సరిహద్దు దగ్గర కార్బన్ రుసుము తెచ్చింది. 2023 అక్టోబరు నుంచి లెక్కలు చూపమంది, 2026 జనవరి 1 నుంచి అసలు రుసుము అమల్లోకి వచ్చింది. ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువులు వంటివి దీని కిందికి వస్తాయి. ఇండియా ఉక్కు చాలావరకు బొగ్గు కొలిమిలో తయారయ్యేదే కాబట్టి దెబ్బ తగులుతుంది. ఇండియా గట్టిగా అభ్యంతరం చెప్పింది. సొంత దేశంలో కార్బన్ ధర కట్టి ఉంటే ఇక్కడ అంత తగ్గిస్తారు, అందుకే ఇండియా కూడా 2023లో కార్బన్ క్రెడిట్ల వ్యాపార పథకాన్ని ప్రకటించింది. మరోవైపు అక్కడ ఇప్పటికీ నూటికి 70 పైగా కరెంటు బొగ్గుదే. అయినా తలకు లెక్కిస్తే ఏడాదికి సుమారు 2 టన్నుల వాయువే, బ్రిటన్‌లో అంతకు రెట్టింపు పైనే.

ఇప్పుడు ఇంటి పని. మీ ఇంటి కరెంటు బిల్లు అడిగి తీసుకుని, యూనిట్ ధర ఎంతో, వాడినా వాడకపోయినా రోజుకు కట్టే స్థిర రుసుము ఎంతో వెతకండి. ఒక నెల యూనిట్లు మొత్తం రాట్‌క్లిఫ్ బొగ్గుతో వచ్చి ఉంటే ఎన్ని కిలోల వాయువు అయ్యేదో పైన ఇచ్చిన అంకెలతో కట్టండి. ఆ తర్వాత తరగతి రెండు జట్లుగా విడిపోవాలి. 142 ఏళ్ళు కాల్చిన దేశాల పక్కనున్న సమాఖ్య, ఇప్పుడిప్పుడే ఇంటింటికీ కరెంటు ఇచ్చుకున్న దేశపు ఉక్కు మీద రుసుము వేయవచ్చునని ఒక జట్టు, వేయకూడదని ఇంకో జట్టు. వాదన తెలుగులోనే జరగాలి. రాక్షసి బొగ్గు, బొగ్గుపులుసు వాయువు, తీరువా, వంతు, ఈ నాలుగు మాటలూ ఒక్కసారైనా వాడాలి.