వెన్నుపాము దెబ్బతిన్నవారి ఆసుపత్రి శుశ్రూష: ద్వీపవాసులు తెలిసికొనవలసిన విషయములు

వెన్నెముక యెముకల నడుమ భద్రముగా నుండు నరముల కట్టకు వెన్నుపాము అని పేరు. మెదడునుండి అవయవములకు ఆజ్ఞలును, అవయవములనుండి మెదడునకు స్పర్శజ్ఞానమును ఈ మార్గముననే పోవుచుండును. కొబ్బరి, పోక చెట్లపైనుండి పడుటవలనను, వాహన ప్రమాదములవలనను, లోతులేని నీటిలోనికి తలక్రిందుగా దుముకుటవలనను ఇది దెబ్బతినవచ్చును. అప్పుడు దెబ్బ తగిలిన చోటికి దిగువ భాగమున చలనమును, స్పర్శయు తగ్గును, లేదా పూర్తిగా నశించును. మలమూత్రములపై అదుపు తప్పును. ప్రపంచమున 1 కోటి 50 లక్షలకు పైగా జనులు ఇట్టి స్థితిలో జీవించుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో తెలిపినది.

పూర్వము ఇట్టి రోగులలో పెక్కుమంది పడక పుండ్లచేతను, మూత్రకోశ వ్యాధులచేతను కొలది కాలములోనే మరణించుచుండిరి. 1944లో ఇంగ్లాండునందు స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో డాక్టరు లుడ్విగ్ గుట్మన్ ప్రత్యేక విభాగమును ప్రారంభించి, శ్రద్ధగల శుశ్రూషచే ఈ మరణములను నివారింపవచ్చునని చూపెను. మన దేశమున వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు చెందిన డాక్టరు మేరీ వర్గీస్ 1954లో మోటారు ప్రమాదమున కాళ్లు చచ్చుబడినను, చక్రాల కుర్చీలో కూర్చుండియే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసిరి. 1966లో వెల్లూరున నెలకొన్న పునరావాస కేంద్రము ఆమె కృషిఫలమే.

అండమాన్ నికోబార్ ద్వీపములలో ఈ విషయమునకు ప్రత్యేక ప్రాముఖ్యము గలదు. ద్వీపములకు ప్రధానమైన గోవింద వల్లభ పంత్ ఆసుపత్రి, 2024లో శ్రీ విజయపురమని పేరు మార్చబడిన పోర్ట్ బ్లెయిరునందున్నది. గ్రేట్ నికోబార్ ద్వీపమునందలి కాంబెల్ బే అక్కడికి 500 కిలోమీటర్లకు పైగా దూరము. చెన్నై, విశాఖపట్టణములకు సముద్రముపై సుమారు 1,200 కిలోమీటర్లు. ఇంటికి చేరిన పిమ్మట పుండు పడినను, మూత్రము నిలిచిపోయినను, రోగి వెంటనే ఓడ యెక్కి పెద్ద ఆసుపత్రికి పోజాలడు. కావున ఆసుపత్రిలో నున్న దినములలోనే రోగియు, ఇంటివారును నేర్వవలసిన పనులను స్వయముగా చేసి నేర్చుకొనవలెను. శుశ్రూష మంచిదగునా కాదా యనుటకు ఇదియే గీటురాయి.

మంచి శుశ్రూష లక్షణములు

1. చర్మరక్షణ: స్పర్శ లేనిచోట ఒరిపిడి తెలియదు. పడకలో నున్న రోగిని సాధారణముగా 2 గంటల కొకసారి ప్రక్కకు త్రిప్పవలెను. కుర్చీలో కూర్చున్నవారు మాటిమాటికి చేతులపై ఒత్తిగిలి శరీరమును పైకెత్తుటగాని, ప్రక్కకు వాలుటగాని చేయవలెను. పిరుదులు, మడమలు, నడుము క్రిందిభాగము ప్రతిదినము పరీక్షింపవలెను; ఎఱ్ఱని మచ్చ మొదటి హెచ్చరిక.

2. మూత్రవిసర్జన: శుభ్రమైన గొట్టముతో 4 నుండి 6 గంటల కొకసారి మూత్రమును తీసివేయుట చాలమందికి తగిన పద్ధతి. చేతులు పనిచేయు రోగికి దీనిని స్వయముగా చేసికొనుట నేర్పవలెను.

3. మలవిసర్జన: ప్రతిదినము ఒకే వేళను నియమించుకొని, పీచుగల ఆహారమును, తగినంత నీటిని వైద్యుని సలహాననుసరించి తీసికొనవలెను.

4. వ్యాయామము: కీళ్లు బిగిసిపోకుండ కదలించుటయే గాక, పడకనుండి కుర్చీకి మారుట, బట్టలు కట్టుకొనుట, కుర్చీ నడుపుట అభ్యసింపజేయవలెను.

5. ధైర్యము, భాష: నిరాశ ఈ వ్యాధిలో సహజము, దానికిని చికిత్స కలదు. 2011 జనాభా లెక్కల ప్రకారము ద్వీపవాసులలో 100కు సుమారు 13 మంది మాతృభాష తెలుగు. రోగికి తెలియని భాషలో చెప్పిన సూచన చెప్పనట్లే యగును గనుక, అర్థము కానిచో మరల అడుగుటకు సంకోచింపరాదు.

అపాయ సూచన

ఱొమ్ముభాగమునగాని, మెడయందుగాని వెన్నుపాము దెబ్బతిన్నవారికి ఒక్కొక్కప్పుడు హఠాత్తుగా రక్తపోటు పెరిగి, తీవ్రమైన తలనొప్పియు, ముఖమున చెమటయు కలుగును. మూత్రకోశము నిండుటయో, గొట్టము పూడుటయో తరచుగా దీనికి కారణము. రోగిని వెంటనే నిటారుగా కూర్చుండబెట్టి, బిగుతైన బట్టలు వదులుచేసి, మూత్రము వెడలునట్లు చూడవలెను. తక్షణమే వైద్యుని పిలువవలెను. ఇది ప్రాణాపాయకరము.

ఇంటికి పోవుటకు ముందు

ఆసుపత్రి విడుచుటకు ముందు కుటుంబమువారు ఈ ప్రశ్నలు వేయవలెను. గొట్టమును వాడుట, ప్రక్కకు త్రిప్పుట వైద్యసిబ్బంది యెదుట మేమే చేసి చూపితిమా? ఇంటి గడపను, మరుగుదొడ్డిని చక్రాల కుర్చీకి అనువుగా ఎట్లు మార్చవలెను? గొట్టములు ఎన్ని దినములకు చాలును, తరువాత ఎక్కడ దొరకును? మా ద్వీపమునందలి ఆరోగ్య కేంద్రమునకు చికిత్సా వివరముల పత్రము ఇచ్చినారా? 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము క్రింద ధ్రువపత్రమునకు దరఖాస్తు ఎట్లు చేయవలెను?

వీనికి స్పష్టమైన సమాధానములు లభింపనిచో, లభించువరకు అడుగుట రోగి హక్కు. సమాధానములు తెలిసికొని యింటికి మరలినవారు తిరిగి చదువుకొనవచ్చును, అంగడి నడుపుకొనవచ్చును, కుటుంబమునకు అండగా నిలువవచ్చును.