దగ్గరి రూటర్‌ను వదిలేసిన బోర్డు



ఆర్మూరు ఇంటి నీళ్ల ట్యాంకుకు నువ్వు బిగించిన బోర్డు ఫొటోలు అందాయి. ట్యాంకు నిండినా మోటారు ఆగలేదని, పసుపు ఆరబోసిన కల్లం దాకా నీళ్లు పారాయని చదివి ఈ పెద్దబాపు ప్రాణం ఉసూరుమంది. ఉడికించి, పదిహేను రోజులు ఎండలో ఆరబెట్టే కొమ్ము మళ్లీ తడిస్తే రైతుకెంత నష్టమో ఆ ఊళ్లో పుట్టిన నీకు వేరే చెప్పక్కర్లేదు.

బోర్డుకు పదడుగుల దూరంలో, మేడమీది గదిలోనే రూటర్ ఉంది. అయినా బోర్డు కింద ముందుగదిలో ఉన్న రూటర్‌ను పట్టుకుని వేలాడుతోంది. రెండింటికీ పేరొకటే, పాస్‌వర్డ్ ఒకటే. బోర్డు చెడిపోలేదు బిడ్డా. ఏది బలమైనదో వెతకమని దానికి ఎవరూ చెప్పలేదు.

అందులో ఉన్నది ఈఎస్‌పీ32 చిప్పు. షాంఘైకి చెందిన ఎస్‌ప్రెసిఫ్ సంస్థ 2014లో ఈఎస్‌పీ8266ను, 2016లో దీన్ని తెచ్చింది. ఈ రెండు చిప్పులూ 2.4 గిగాహెర్ట్జ్ మాటే వింటాయి. మన దేశంలో ఆ పట్టీలో 13 ఛానళ్లున్నాయి. ఆర్డ్వినోలో రాసే ప్రోగ్రాముల్లో ఈఎస్‌పీ32 మామూలుగా పాటించే పద్ధతి పేరు ఫాస్ట్ స్కాన్. ఒకటో ఛానల్ నుంచి వింటూ పోతుంది, అడిగిన పేరు వినబడగానే వెతుకులాట ఆపేసి అక్కడే అతుక్కుంటుంది. మీ కింది రూటర్ ఒకటో ఛానల్ మీద, పైది పదకొండో ఛానల్ మీద ఉన్నాయని నువ్వే రాశావు. పదకొండు దాకా అది వెళ్లనే లేదు.

నిజామాబాద్ యార్డుకు పసుపు తెచ్చిన రైతు గేటు దగ్గర మొదట ఎదురైన వ్యాపారి చెప్పిన ధరకే కుప్ప అప్పజెప్పడం లాంటిదిది. 2016లో మొదలైన ఈ-నామ్ ఆన్‌లైన్ మార్కెట్‌లో అలా జరగదు. వ్యాపారులందరూ ధరలు వేశాకే ఎక్కువ వేసినవాడెవరో తేలుతుంది. నీ బోర్డుకూ ఆ పద్ధతే నేర్పాలి. వైఫై బిగిన్ అనే వాక్యానికి ముందు సెట్‌స్కాన్‌మెథడ్ రాసి, అందులో ఆల్ ఛానల్ స్కాన్ పెట్టు. అప్పుడది అన్ని ఛానళ్లూ విని, ఆ పేరుతో ఉన్నవాటిలో బలమైనదాన్నే ఎంచుకుంటుంది. ఇందుకు అదనంగా పట్టేది ఒకటి రెండు సెకన్లు. బ్యాటరీ మీద నడిచే పరికరానికి అదీ ఖర్చే. గోడ కరెంటుతో నడిచే నీ బోర్డుకు ఆ బెంగ లేదు.

బలాన్ని ఆర్‌ఎస్‌ఎస్‌ఐ అనే అంకె చెబుతుంది. అది మైనస్‌లో ఉంటుంది, సున్నాకు ఎంత దగ్గరైతే అంత బలం. నీ బోర్డుకు కింది రూటర్ మైనస్ 82, పైది మైనస్ 58. తేడా 24 డెసిబెల్స్. పది డెసిబెల్స్ అంటేనే పదింతలు, కాబట్టి 24 అంటే సుమారు 250 రెట్లు! ఆ బలహీనమైన సిగ్నల్ మీద, మోటారు దగ్గరి ఇంకో బోర్డుకు చేరాల్సిన ఆపమన్న కబురు దారిలోనే పోయింది.

అయితే ఇంతటితో పని తీరదు. పెద్దబాపుకు అసలు గుబులు కరెంటు కోతల గురించి. కరెంటు తిరిగి రాగానే బోర్డు సెకనులో లేస్తుంది. రూటర్ లేవడానికి నిమిషం, రెండు నిమిషాలు పడుతుంది. పైగా మీ కింది రూటర్ ఇన్వర్టర్ మీద ఉంది, పైది లేదు. బోర్డు 13 ఛానళ్లూ ఎంత శ్రద్ధగా విన్నా ఆ క్షణాన వినబడేది కిందిదొక్కటే. దానికే అతుక్కుంటుంది. తర్వాత పైది లేచినా, పాత బంధం తెగేదాకా తనంతట తాను మారదు. ఏ రూటర్‌కు కలవాలో వైఫైలో పరికరమే నిర్ణయించుకోవాలి, రూటర్ దాన్ని చెయ్యి పట్టి లాగదు.

కాబట్టి అప్పుడప్పుడూ మళ్లీ వెతకడం కూడా నేర్పాలి. టాస్మోటా అనే ఉచిత ప్రోగ్రాంలో ఇందుకో మంచి ఏర్పాటుంది: 44 నిమిషాలకోసారి వెతుకుతుంది, ఇంకో రూటర్ పది డెసిబెల్స్ బలంగా ఉంటేనే మారుతుంది. ఆ పది ముఖ్యం. తలుపు మూసినా, మనిషి అడ్డం నిలబడినా ఆర్‌ఎస్‌ఎస్‌ఐ నాలుగైదు అంకెలు ఊగుతుంది. ఆ ఊగిసలాటకల్లా మారుతూ పోతే బోర్డుకు నిలకడ ఉండదు. నీ ప్రోగ్రాంలోనూ ఇలాగే రాయి, మోటారు ఆగి ఉన్నప్పుడే వెతికించు.

పై రూటర్ చిరునామాను, అంటే దాని బీఎస్‌ఎస్‌ఐడీని, ప్రోగ్రాంలోనే రాసి కట్టేస్తే సరిపోదా అని అడిగావు. ఆ రూటర్ పాడైన రోజున బోర్డు ఒంటరిదవుతుంది. వద్దు.

బోర్డు పెట్టిన చోటూ చూసుకో. నీళ్లు ఈ తరంగాలను మింగేస్తాయి. ట్యాంకుకు అవతల బోర్డు, ఇవతల రూటర్ ఉంటే నీళ్లు నిండేకొద్దీ సిగ్నల్ తగ్గుతుంది. సరిగ్గా మోటారు ఆపాల్సిన సమయానికే మాట వినబడదు. బోర్డును గది వైపుకు జరుపు.

ఇంకొకటి, అన్నిటికన్నా ముందు చెయ్యాల్సింది. మోటారు దగ్గరి బోర్డుకు ఎంతసేపు కబురు అందకపోతే మోటారును తనే ఆపెయ్యాలో రాసిపెట్టు. ఎంత బలమైన వైఫై అయినా ఏదో ఒకరోజు పోతుంది. ఆ రోజు కూడా కల్లం తడవకూడదు.

ఈసారి కరెంటు పోయి వచ్చాక గంట ఆగి, బోర్డు ఏ రూటర్ మీద ఉందో, ఆర్‌ఎస్‌ఎస్‌ఐ ఎంతుందో రాసి పంపు బిడ్డా.

నీ పెద్దబాపు