బేతాళుడిలా అడుగు

చి. చిట్టితల్లికి,

మీ నాన్న ఫోనులో నీ కొత్త ఉద్యోగం కబుర్లన్నీ చెప్పాడు. నీ మెసేజీ కూడా చూశాను. నాలుగో తరగతి పిల్లలు పాఠం గడగడా చదివేస్తున్నారు, కింద ప్రశ్నలకు జవాబులూ రాసేస్తున్నారు, తీరా కథేమిటో చెప్పరా అంటే గోడకేసి చూస్తున్నారు అన్నావు. వాట్సాప్‌లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదని ఈ ఉత్తరం.

రేపు బడికి వెళ్లగానే బోర్డు మీద ఈ వాక్యం రాసి చూడు: ‘గిబ్బడు తోమెలో డింజిని లప్పాడు.’ ఎవరు లప్పారు అని అడుగు. గిబ్బడు అంటారు. ఎక్కడ? తోమెలో. దేన్ని? డింజిని. నూటికి నూరు మార్కులు! గిబ్బడెవడో, డింజి ఏమిటో నీకూ తెలీదు, నాకూ తెలీదు. తెలుగులో విభక్తి ప్రత్యయం పట్టుకుంటే చాలు, అర్థంతో పని లేకుండా జవాబు దొరుకుతుంది. పిల్లలు ఈ కిటుకు ఎవరూ చెప్పకుండానే కనిపెట్టేస్తారు. ప్రశ్నలోని మాట పాఠంలో ఎక్కడుందో వెతికి, ఆ వాక్యం దించేస్తారు. మనం టిక్కు పెట్టి, పాఠం అయిపోయిందనుకుంటాం. తప్పు పిల్లలది కాదు, అడిగిన ప్రశ్నది.

ఇప్పుడు ఈ నాలుగు వాక్యాలు చదివించు: ‘అవ్వ సంచి పట్టుకుని సంతకు బయల్దేరింది. గుమ్మం దాటి ఆకాశంకేసి చూసింది. వెనక్కొచ్చి గొడుగు తీసుకుంది. వాకిట్లో ఆరబోసిన మిరపకాయల్ని చాపతో సహా లోపలికి లాగింది.’ అవ్వ ఎక్కడికి బయల్దేరింది అంటే జవాబు పేరాలోనే ఉంది, దించేస్తారు. చాప ఎందుకు లాగింది అని అడుగు. వాన అనే మాట పేరాలో ఎక్కడా లేదు. ఐనా చేతులు లేస్తాయి. ‘వాన వస్తదని’ అని ఎవరో ఒకరు అన్నాక అసలు పని మొదలవుతుంది: ‘నీకెలా తెలిసింది? ఏ మాట చూసి చెప్పావు? వేలు పెట్టి చూపించు.’ ఒకడు ‘ఆకాశం’ మీద పెడతాడు, ఒకతి ‘గొడుగు’ మీద పెడుతుంది. ఎండకీ గొడుగు వేసుకుంటారు కదా అని నువ్వు అడ్డం తిరుగు. అప్పుడు మిరపకాయల దగ్గరికి వస్తారు. చివర్న, ఈ అవ్వ ఎలాంటి మనిషి అని అడుగు. ముందుచూపు గల మనిషి అని పుస్తకం మాటల్లో చెప్పకపోవచ్చు. ‘మా నానమ్మ లెక్క’ అన్నా సరే, ఎందుకో చెప్పించు. ఎవరైనా ‘చాపను లోపటికి గుంజింది’ అంటే దాన్ని ‘లాగింది’ అని దిద్దకు. అర్థమైనవాడే తన ఇంటి మాటలో చెప్పగలడు.

ఇలాంటి ప్రశ్నలకు మనం ఎక్కడికో పోయి శిక్షణ తీసుకోనక్కర్లేదు. బేతాళ కథలున్నాయి. పాతవి ఇరవై అయిదే. 1947 జులైలో మొదలైన ‘చందమామ’ అవి అయిపోయాక కూడా ఆపకుండా కొత్త కథలు అల్లించుకుంటూ దశాబ్దాలు నడిపింది. బేతాళుడు ఏ రోజూ ‘రాజు పేరేమిటి, ఏ ఊరివాడు’ అని అడగలేదు చూడు. వీళ్లలో ఎవరు గొప్ప, తప్పెవరిది, అతను అలా ఎందుకు చేశాడు, ఇవీ అతని ప్రశ్నలు. జవాబు కథలో రాసి ఉండదు, ఆధారం మాత్రం కథలోనే ఉంటుంది. జవాబు చెప్పే విక్రమార్కుడు కూడా పేరొకటి చెప్పి ఊరుకోడు, కారణం చెబుతాడు. తెలిసీ చెప్పకపోతే తల పగులుతుందన్న బేతాళుడి బెదిరింపు మాత్రం మన తరగతిలో వద్దు. తెలియనివాడు తెలియదని చెప్పే వీలుండాలి.

నీతి విషయంలో మరీ జాగ్రత్త. ‘మిత్రలాభం’లో పావురాల కథ తీసుకో. నీతి ఏమిటంటే తరగతి మొత్తం ‘ఐకమత్యమే మహాబలం’ అని ఒకే గొంతుతో అరుస్తుంది, కథ చదవనివాడితో సహా. అదే కథలో హిరణ్యకుడు అనే ఎలుక, వలలో చిక్కిన చిత్రగ్రీవుడి బంధాలు కొరకబోతే, ముందు నా వాళ్లవి కొరుకు అంటాడు ఆ పావురాల రాజు. నూకల మీద వాలొద్దని మొదట్లో చెప్పిందీ అతనే, వాళ్లు వినలేదు. విననివాళ్లనే ముందు విడిపించమన్నాడు. దీన్ని బట్టి అతనెలాంటివాడు? ఇక్కడ పిల్లలు ఆగి ఆలోచిస్తారు. ఒకరికి ఇది నాయకుడి కథ, ఒకరికి స్నేహం కథ, ఇంకొకరికి ఐకమత్యం కథ. మూడూ ఒప్పే, కథలోంచి చూపించగలిగితే. అప్పుడు చెప్పు, అతనెలాంటివాడన్నదాన్నే పాత్ర స్వభావం అంటారని. ముందే నిర్వచనం రాయించావో, అది నోట్సులోనే ఉండిపోతుంది.

అలంకారాలకూ ఇదే దారి. ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం అని నాలుగో తరగతిలో వల్లె వేయించడం నాకు బొత్తిగా ఇష్టం లేదు, హైస్కూల్లో ఎలాగూ తప్పదు. ‘తమ్ముడి జుట్టు పిచ్చుకగూడులా ఉంది’ అని రాసి, దేన్ని, దేంతో, ఏ విషయంలో పోల్చారు అని అడిగితే చాలు. మూడోదే ముఖ్యం. గూడు గుండ్రంగా ఉంటుందనా, చిందరవందరగా ఉంటుందనా? వాదించుకోనీ. ఆ తర్వాత ‘వాన వచ్చేలా ఉంది’ అని రాసి, ఇదీ ఉపమేనా అని అడుగు. ‘లా’ కనిపించగానే సగం మంది అవునంటారు. దేన్ని దేంతో పోల్చారో చెప్పమంటే వాళ్లే వెనక్కి తగ్గుతారు.

ప్రాస దగ్గర ఒక చిక్కుంది. గేయాల్లో పాదాల చివర వచ్చే అంత్యప్రాస పిల్లల చెవికి ఇట్టే అందుతుంది. పద్యంలో ప్రాస అంటే పాదంలో రెండో అక్షరం. రెండూ ఒకే రోజు చెప్పకు. పద్యంలో ప్రాస చూపించాలంటే సుమతి శతకం పట్టుకో, అందులోవి కందపద్యాలు, కందానికి ప్రాస తప్పనిసరి. వేమన ఎక్కువగా ఆటవెలదుల్లో చెప్పాడు, ఆటవెలదికి ఆ నియమం లేదు. అక్కడ ప్రాస వెతికిస్తే పిల్లలు అలసిపోతారు, నువ్వూ తికమక పడతావు. మకుటానికైతే రెండూ పనికొస్తాయి. సుమతి శతకానిది ఒక్క పిలుపు, వేమనది పాదమంతా.

జాతీయాలకు బొమ్మ వేయించు. ‘వాడికి కళ్లు నెత్తికెక్కాయి’ అన్నదాన్ని ఉన్నదున్నట్టు గీసి నవ్వుకున్న పిల్ల, ఆ మాటకు అర్థం మాటల్లో లేదని ఇక మరిచిపోదు.

ఒత్తుల దగ్గర తడబడే పిల్లలు నీ తరగతిలోనూ ఉంటారు. అక్షరాలు కూడబలుక్కోవడంతోనే వాళ్ల శక్తి అయిపోతుంది, అర్థం దాకా రాలేరు. వాళ్ల చదువు సాధన వేరే గంటలో చేయించు. కథల గంటలో మాత్రం నువ్వే చదివి వినిపించి, బేతాళ ప్రశ్న మొదట వాళ్లనే అడుగు. గడగడా చదివేవాళ్లకంటే మంచి జవాబు వాళ్ల దగ్గర్నుంచి రావడం నేను చాలాసార్లు చూశాను.

వచ్చే పరీక్ష పేపరులో దించడానికి వీల్లేని ప్రశ్న ఒక్కటైనా పెట్టు. మార్కులు తగ్గాయని హెడ్మాస్టరుగారు అడిగితే ఆ గిబ్బడి వాక్యం ఆయనకీ చూపించు.

ఉంటాను,
నీ మేనత్త

తా.క. బైండు చేయించిన చందమామలు మీ నాన్నతో పంపిస్తున్నాను. బీరువాలో పెట్టి తాళం వేయకు. చిరిగితే అతికించుకోవచ్చు.