పిల్లలకు లొంగని మూత - సంఘాలు తెలుసుకోవలసిన సంగతులు

గెర్బర్ పద్ధతిలో వెన్న శాతం చూసే ప్రతి సంఘంలోను గాఢ గంధకికామ్లం ఉంటుంది. ఒక్కొక్క నమూనాకు వాడేది 10 మిల్లీలీటర్లే. అయినా ఒక్క గుక్క మింగితే పసివాడి నోరు, గొంతు, అన్నవాహిక కాలిపోతాయి. పాత్రలు కడిగే కాస్టిక్ సోడా కూడ అటువంటిదే. పాలు పోయడానికి పెద్దల వెంట పిల్లలూ వస్తారు. కనుక ఈ సీసాల మూతల సంగతి సభ్యులందరూ తెలుసుకోవలసి ఉన్నది.

కెనడాలోని విండ్సర్ నగరంలో పిల్లల వైద్యుడు డాక్టర్ హెన్రీ బ్రో, మందులు మింగి ఆసుపత్రికి వచ్చే పసివాళ్ళను చూసి, మూతనే మార్చాలని పూనుకున్నారు. ఆ కృషి ఫలితంగా 1967లో పీటర్ హెడ్జ్‌విక్ నొక్కి తిప్పే మూతను రూపొందించారు. అమెరికాలో 1970లో ఇందుకు చట్టమే వచ్చింది.

ఈ మూతలో రెండు పొరలుంటాయి. లోపలి పొర సీసా మరకు బిగిసి ఉంటుంది. పై పొరను ఊరక తిప్పితే టకటకమంటూ ఒట్టిగా తిరుగుతుంది. అరచేతితో అదిమితేనే దాని పళ్ళు లోపలి పళ్ళలో పడి రెండూ కలిసి తిరుగుతాయి. అదమడం, తిప్పడం ఒకేసారి చేయడం పసివాళ్ళకు కష్టం. కిటుకంతా ఇదే.

అమెరికా నిబంధన ప్రకారం ఈ మూతలను 5 ఏళ్ళలోపు పిల్లలకే ఇచ్చి పరీక్షిస్తారు. మొదటి 5 నిమిషాల్లో నూటికి 85 మంది తెరవలేకపోవాలి. తరువాత తెరిచి చూపించి మరో 5 నిమిషాలిస్తారు. అప్పటికీ 80 మంది తెరవలేకపోతే మూత నెగ్గినట్లే. అంటే నూటికి 20 మంది తెరిచినా ఆ మూత మంచిదే అన్నమాట! మూత మనకు కొంత వ్యవధి ఇస్తుంది, అంతే.

తనిఖీలలో మేము చూసిన పెద్ద లోపం వేరు. ఆమ్లాన్ని కూల్‌డ్రింకు సీసాలలోకి వంపి ఉంచుతున్నారు. అప్పుడు ఎంత మంచి మూత అయినా ఎందుకు? కాస్టిక్ రేకులు పసికంటికి పటికబెల్లం పలుకులే.

కనుక సంఘాలు ఈ క్రింది విధంగా చేయవలెను:

1. ఆమ్లం, కాస్టిక్ వచ్చిన సీసాలోనే, చీటీతో ఉంచాలి.
2. వాడిన వెంటనే మూత పూర్తిగా బిగించాలి. సగం బిగించిన మూత పనిచేయదు.
3. బీరువాలో పెట్టి తాళం వేయాలి. తాళంచెవి టెస్టరు వద్దనే ఉండాలి.
4. ఎవరైనా మింగితే వాంతి చేయించరాదు. నోరు నీళ్ళతో కడిగి, సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

ఇంట్లో పశువుల మందులకు, పిడుదుల మందుకు కూడ ఇదే పద్ధతి పాటించాలని సభ్యులను కోరుతున్నాము.